నాకు కాని ఆపరేషన్

అన్నం మెత్తగా ఉడికించి, పలచగా చారు పోసి, గింజ అనేది తగలకుండా చేత్తో పిసుకుతుండగా ఫోను మోగింది. మా అత్తమ్మ. చేతులకు మెతుకులున్నాయి కాబట్టి స్పీకరు నొక్కి గట్టు మీదే ఉంచాను.

"ఎట్లుందే జములా? కుట్లు గుంజుతున్నయా?"

నేను మంచం వైపు చూశాను. మూడు దిండ్లకు ఆనుకొని, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా కట్టు కట్టించుకొని, కళ్ల కింద నల్లగా కమిలిపోయి ఉన్న మా ఆయన చెయ్యి ఊపాడు. మెల్లగా మాట్లాడమని ఆ సైగకు అర్థం.

"కొంచెం గుంజుతున్నయి అత్తమ్మా," అన్నాను గొంతు తగ్గించి.

"గుంజుతయి. నాకు రెండు నెలలు గుంజినయి. నువ్వు లెవ్వకు. మావోడు దగ్గర్నే ఉన్నడు గద? అన్ని చేస్తుండా?"

"చేస్తుండు."

"నా కొడుకు బంగారం. కాలేజీ ఇడ్సిపెట్టి పెండ్లాం మంచం కాడ కూసునే మొగోడు ఎక్కడుంటడే? నీ నసీబు మంచిది."

ఫోను పెట్టేసి, చేతులు కడుక్కొని, గిన్నె తీసుకెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన నోరు పూర్తిగా తెరవకూడదు, నమలకూడదు. చిన్న చెంచాతో పెదవుల మధ్య పోయాలి. కారితే తుడవాలి. తుడిచేటప్పుడు చెంప తగలకూడదు.

ఆపరేషన్ అయింది నాకు కాదు, ఆయనకు. కడుపుకు కాదు, ముఖానికి. చెవుల ముందు నుంచి వెనక్కి, అక్కడి నుంచి జుట్టులోకి కోసి, చర్మాన్నీ దాని కింది పొరనూ పైకి లాగి, మిగిలిన చర్మాన్ని కత్తిరించి కుట్టారు. నాలుగు గంటలు పట్టింది. చెంపల జారుడు, గడ్డం కింది వేలాడే తోలు పోయి పదేళ్లు చిన్నగా కనిపిస్తారని డాక్టరు చెప్పాడు. ఊళ్లో మాత్రం నాకు గర్భసంచి తీయించామని చెప్పాం. చెప్పాం అనడం కూడా సరికాదు. ఆయన చెప్పాడు. నేను కాదనలేదు.

మాది వనపర్తి. మా ఆయన జగదీశ్‌కు అక్కడ ఒక ఇంటర్ కాలేజీ ఉంది, దానికి ఆనుకొని ఆడపిల్లల హాస్టలు ఉంది. ఆయన కరస్పాండెంటు. నేనేమిటో చెప్పడం కష్టం. పొద్దున అయిదింటికి ఎనభై మంది పిల్లల్ని లేపేది నేను. బియ్యంలో పురుగు చూసేది, కూరలో ఉప్పు చూసేది, జ్వరం వచ్చిన పిల్లను ఆటోలో వేసుకొని దవాఖానకు పోయేది, నెలసరి నొప్పితో ముడుచుకున్న పిల్ల నడుముకు వేడినీళ్ల సంచి పెట్టేది, పిల్ల మీద బెంగతో ఫోను చేసే తల్లులకు సమాధానం చెప్పేది నేను. జువాలజీ లెక్చరరు రాని రోజు క్లాసు చెప్పేది కూడా నేనే. గద్వాలలో బీఎస్సీ చదివాను. మంచి మార్కులే వచ్చాయి. కాలేజీ పెట్టిన కొత్తలో నన్ను స్టాఫ్ లిస్టులో రాయమని అడిగితే, "ఓనరు పెండ్లాం స్టాఫ్ ఏందే, నలుగురు నవ్వుతరు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేను స్టాఫ్ కాదు. ఓనర్నీ కాదు.

ఇదంతా పోయిన ఏప్రిల్లో మొదలయింది. అడ్మిషన్ల రోజులు. అమరచింత నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. గేటు పక్క ఫ్లెక్సీలో మా ఆయన ఫోటో ఉంటుంది, పదిహేనేళ్ల కిందటిది. అది చూసి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్న మా ఆయన్ని చూసి, "సారు లేడా పెద్దాయనా? బయట ఫోటో ఉంది గద, ఆ సారు" అని అడిగాడు. అంతే. ఎగతాళికి అనలేదు, తెలియక అడిగాడు. ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం అన్నానికి రాలేదు. అదే నెలలో హైదరాబాదు కాలేజీ ఒకటి మా ఊళ్లో బ్రాంచి తెరిచింది. వాళ్ల ప్రిన్సిపాలుకు ముప్పై అయిదేళ్లుంటాయేమో, జీన్స్ వేసుకొని పిల్లలతో వీడియోలు చేస్తాడు. మా ఆయన అద్దం ముందు నిలబడి రెండు చేతులతో చెంపలు పైకి లాగిపట్టుకొని చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. చూసీ చూడనట్టు పక్కకు తప్పుకున్నాను.

నా ముఖం గురించి ఆయన పెళ్లయినప్పటి నుంచీ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. "జర పౌడరన్న రాసుకో, పేరెంట్స్ వస్తుంటరు." "నలభైకే గిట్లయితివేందే?" "నీ పక్కన నిలబడితే నన్ను నీ తమ్ముడనుకుంటరు." కోపంతో కాదు, నవ్వుతూనే అనేవాడు. పక్కన ఉన్నవాళ్లూ నవ్వేవాళ్లు, ఒక్కోసారి నేను కూడా. ముప్పై ఏళ్లలో అవి నా చెవులకు ఫ్యాను చప్పుడులా అయిపోయాయి. ఆయన ముఖం గురించి మాత్రం ఎప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. యాభై ఆరేళ్లకు మొదటిసారి ఎవరో ఒక మాట అనేసరికి అది ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

హైదరాబాదు క్లినిక్కుకు మొదటిసారి పోయినప్పుడు వచ్చినవాళ్లతో మాట్లాడే అమ్మాయి మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, నవ్వి, నా చేతికి అద్దం ఇచ్చింది. "మేడం, ఒకసారి చూడండి," అని మొదలుపెట్టింది. పెన్సిలు మొనతో నా ముఖాన్ని తాకకుండా తాకుతున్నట్టు చూపిస్తూ, ముక్కు పక్కల నుంచి నోటి దాకా దిగిన గీతలు ఇవి, చెంప ఇక్కడ కిందికి వచ్చింది, గడ్డం అంచు ఇక్కడ చెదిరింది, మెడ మీద ఈ రెండు పట్టీలు చూశారా అని వివరంగా చెప్పింది. మర్యాదగానే చెప్పింది. నేను అద్దంలో చూస్తూ ఉన్నాను. నా ముఖాన్ని అంతసేపు ఎవరూ చూడలేదు, నేను కూడా. మా ఆయన మధ్యలో ఆపుతాడనుకున్నాను. ఆయన ఆ పెన్సిలు ఎక్కడెక్కడ ఆగుతుందో శ్రద్ధగా గమనిస్తున్నాడు. చివరికి ఆ అమ్మాయి, "మేడంకు ఎప్పుడు అనుకుంటున్నారు సార్?" అని అడిగినప్పుడు గొంతు సవరించుకొని, "నాకు," అన్నాడు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా తడబడలేదు. "చాలా మంచి నిర్ణయం సార్," అని నా చేతిలోంచి అద్దం తీసుకొని ఆయనకు ఇచ్చింది.

తిరుగు దారిలో జడ్చర్ల దగ్గర టీ తాగడానికి కారు ఆపాడు. డ్రైవరు లేడు, ఆయనే నడుపుతున్నాడు.

"పదిహేను దినాలు ఊర్ల కనబడకపోతే అందరడుగుతరు," అన్నాడు. "ఏదన్న చెప్పాలె."

"ఏం చెప్తవు?"

"నీకు సంచి ఆపరేషనని చెప్దం. ఆడోళ్లకు మామూలే గద. ఎవరు ఎక్వ అడగరు."

అంత తేలిగ్గా. దారి పొడుగునా ఆలోచించి చెప్పినట్టు లేదు, నాలుక చివర ఉన్నది చెప్పినట్టు ఉంది. టీ చాలా తియ్యగా ఉంది. నేను తాగాను.

"నువ్వే చేపిచ్చుకున్నవని చెప్తే ఏమైతది?" అన్నాను.

"పిచ్చిదానివా? మొగోడు ముఖం కోపిచ్చుకున్నడంటే తలెత్తుకొని తిరుగుతమా?"

ఆయన అన్నది ఒక విధంగా నిజం. నా కడుపులోంచి ఒక అవయవం తీసేశారంటే మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయన చెంపలు సర్దించుకున్నాడంటే ఏడాదిపాటు చెప్పుకుంటారు. ఏ అబద్ధం చెల్లుతుందో ఆయనకు బాగా తెలుసు.

క్లినిక్కుకు దగ్గర్లో వంటగది ఉన్న రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మొదటి రెండు రోజులు చెవుల వెనక సన్నని గొట్టాలు ఉండేవి, వాటిలోంచి రక్తం కారే చిన్న బుడ్డి ఖాళీ చేయాలి. రెండు గంటలకోసారి చల్లని గుడ్డ పెట్టాలి. వంగకూడదు కాబట్టి చెప్పులు నేను తొడగాలి. తుమ్మకూడదు కాబట్టి నేను తాలింపు పెట్టకూడదు. మూడో రోజు ముఖం బాగా వాచి, కళ్లు చిన్నవై, ఆయన భయపడ్డాడు. "గిట్లనే ఉండిపోతదా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. వాపు దిగుతుందని డాక్టరు చెప్పిన మాటే మళ్లీ చెప్పాను. నాకు జాలి వేసింది. చెప్పుకోవలసిన సంగతే ఇది. ఆయన మీద ఆ పదిహేను రోజుల్లో నాకు కోపం రాలేదు. పని ఉన్నప్పుడు కోపానికి వేళ దొరకదు.

నాలుగో రోజు మా అమ్మాయి శ్రీజ ఫోను చేసింది. పుణేలో ఉద్యోగం చేస్తుంది. వాళ్ల నానమ్మ చెప్పగా తెలిసిందట. ఎత్తగానే ఏడుపు.

"నాకెందుకు చెప్పలేదమ్మా? ఆపరేషనైనంక నానమ్మ చెప్తే తెలుసుకోవాల్నా? నేనొస్తున్న. టికెట్ చూస్తున్న."

అత్తమ్మతో అబద్ధం చెప్పడం ఒకటి. ఇది వేరు. మా ఆయన గబగబా చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. పెదవులు బిగుసుకుపోయి ఉండడంతో మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "రావద్దు బిడ్డా... పరేషాన్ గాకు... అమ్మ మంచిగనే ఉంది."

అవతలి నుంచి శ్రీజ గొంతు నాకు వినిపించింది. "నాన్నా, ఏడుస్తున్నవా? ఏడ్వకు నాన్నా. నువ్వు ధైర్యంగుండాలె."

ఆయన కాదనలేదు. "ఊఁ," అన్నాడు.

ఎనిమిదో రోజు చాలా కుట్లు తీశారు. కమిలిన రంగు పసుపులోకి మారి, నెమ్మదిగా పోయింది. పద్నాలుగో రోజు స్నానం చేసి, తల దువ్వుకొని, అద్దం ముందు చాలాసేపు నిలబడి, "ఎట్లున్న?" అని అడిగాడు. అడగడానికి ఇంకెవరూ లేరు మరి. బాగున్నాడు. నిజంగానే బాగున్నాడు. కళ్లు మాత్రం వెనకటివే. "బాగున్నవు," అన్నాను. ఆయన మళ్లీ అద్దంలోకి తిరిగాడు.

మేం ఊళ్లోకి వచ్చిన రోజు ఇంటి ముందు కారు ఆగగానే ఆయన దిగి, నా వైపు వచ్చి, తలుపు తీసి, నా చెయ్యి పట్టుకొని దింపాడు. ఎదురింటి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారు. నేను పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకొని నడిచాను. పెట్టుకొమ్మని ఆయన కారులో చెప్పాడు.

తర్వాత వారం రోజులు ఇంటికి జనం. కొబ్బరి బోండాలు, దానిమ్మలు, బ్రెడ్డు ప్యాకెట్లు. అందరూ ఆయన్ని చూసి, "సారు ముఖం కళగున్నది, ఆడిదానికి సేవ చేస్తే పుణ్యమే గద" అన్నారు. జుట్టు కొంచెం పెంచి చెవుల మీదికి దువ్వుకున్నాడు, ఎవరికీ అనుమానం రాలేదు. నా గదిలోకి వచ్చిన ఆడవాళ్లు చీర పక్కకు జరిపి తమ తమ గాట్లు చూపించారు. ఒకరికి నిలువుగా, ఒకరికి అడ్డంగా. ఒకామెకు ముప్పై నాలుగేళ్లకు తీశారు, ఒకామెకు ఇరవై తొమ్మిదికి. తెల్లబట్ట అవుతుందని ఒకరికి, నడుం నొప్పని ఒకరికి, పిల్లలైపోయారు ఇంకెందుకని ఒకరికి. "ఎముకలు గుంజుతయి అక్కా, ఒళ్లంత ఆవిర్లొస్తయి, గంతే" అని ధైర్యం చెప్పారు. ఒక మధ్యాహ్నం నా మంచం చుట్టూ ఆరుగురు కూర్చొని ఉంటే లెక్కపెట్టుకున్నాను. ఆ గదిలో సంచి ఉన్నది నాకొక్కదానికే. అది కూడా లేదని చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ అబద్ధం నాకు సుఖంగానే ఉంది. బరువులు ఎత్తవద్దని, మెట్లు ఎక్కవద్దని మా అత్తమ్మే కట్టడి చేసింది. పొద్దున పదకొండు గంటలకు మంచం మీద పడుకొని కిటికీలోంచి వెలుతురు చూడడం పెళ్లయ్యాక అదే మొదలు. కాలేజీ బెల్లు వినిపించేది, హాస్టల్లో పళ్లేల చప్పుడు వినిపించేది, నేను లేవకపోయినా అన్నీ జరిగిపోయేవి. ఎలా జరుగుతున్నాయో నేను అడగలేదు. శాంతమ్మ చేస్తున్నది కాబట్టి జరుగుతున్నాయి.

శాంతమ్మ మా హాస్టల్లో వంట చేస్తుంది. ముప్పై రెండేళ్లు. మొగుడు భీమన్న మా కాలేజీ బస్సు నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. నేను పడుకున్నప్పటి నుంచి పొద్దున పిల్లల్ని లేపడం, సామాన్లు చూసుకోవడం, జ్వరాలు, ఫోన్లు అన్నీ ఆమె మీదనే పడ్డాయి. అయినా మధ్యాహ్నం వంటయ్యాక నా గదికి వచ్చి కాళ్లు పిసికేది. వద్దంటే వినేది కాదు. ఒకరోజు పిసుకుతూ పిసుకుతూ తన పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకొని ఆగింది.

"ఏమైంది?"

"నాకు గూడ తెల్లబట్ట అయితుందమ్మా. నొస్తది. పెబ్బేరుల చూపిచ్చుకుంటే అక్కడి ప్రైవేటు డాక్టరు సంచి తీసెయ్యాలె అన్నడు." తల వంచుకొని అడిగింది. "అమ్మా, మస్తు నొస్తదా? నీకు నొచ్చిందా?"

నేను ఏం చెప్పాలో ఆలోచించాను. "లేదు శాంతమ్మా," అన్నాను. "నాకేం నొప్పి లేదు."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా చెప్పగలిగాను. ఆమె ముఖంలో భయం సడలడం చూశాను. చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. ఈమెకు ఎలా చెప్పడం, చెబితే ఎవరెవరికి తెలుస్తుంది, ఆయన ఏమంటాడు, శ్రీజ ఏమనుకుంటుంది అని ఆలోచిస్తూ రెండు రోజులు గడిపాను. ఆ రెండు రోజులూ శాంతమ్మ నీళ్ల బిందెలు మోస్తూనే ఉంది.

మూడో రోజు ఆదివారం. పొద్దున పదింటికి భీమన్న వచ్చాడు, వెనక శాంతమ్మ. మా ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆఫీసు చూసుకునే నర్సింహులు సంతకాల కాగితాలు పట్టుకొని పక్కన నిలబడ్డాడు. మా అత్తమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను లోపల టీ పోస్తున్నాను. పదిహేను నిమిషాలు నిలబడితే తప్పు లేదని అత్తమ్మ అప్పటికి ఒప్పుకుంది.

"సార్, రేపటి సంది నాకు నాలుగు దినాలు లీవ్ గావాలె," అన్నాడు భీమన్న. "శాంతమ్మను ఆపరేషన్‌కు తోల్కపోత. ఇప్పుడు తియ్యకుంటే క్యాన్సరయితదంటుండు డాక్టరు. మావోళ్లు గూడ తీపియ్యమనే అంటుండ్రు. కని నాకు జర భయమైతుంది సార్. మీరు చదువుకున్నోళ్లు. అమ్మకు గూడ చేపిచ్చిండ్రు. మీరేమంటరు?"

టీ గిన్నె నా చేతిలోనే ఉంది. ఆయన ఏమంటాడో వినాలని ఆగాను. అక్కడ ఒక మాట అనవచ్చు. నాకు తెల్వదు, ఇంకొక డాక్టరుకు చూపియ్యి అనవచ్చు. అలా అంటే ఆయన అబద్ధానికి ఏమీ కాదు. నేను కూడా ఏమీ మాట్లాడి ఉండేదాన్ని కాదేమో.

"చేపియ్యి భీమన్నా," అన్నాడు ఆయన. "భయమేం లేదు. మా మేడంను చూస్తలేవా? నెల గాలే, ఎట్ల తిరుగుతుందో. ఒక్కసారి తీసేస్తే ఇగ రంది లేదు."

ఆ గొంతులో అనుమానం లేదు. అది ఆయన నమ్మి అన్న మాటే. ఇన్ని రోజులుగా అందరూ మెచ్చుకుంటుంటే, నాకు నిజంగానే ఆపరేషన్ చేయించి దగ్గరుండి చూసుకున్నట్టు ఆయనకూ అనిపిస్తోందేమో.

నేను టీ గిన్నె గట్టు మీద పెట్టి బయటికి వచ్చాను.

"శాంతమ్మా, నాకు ఏ ఆపరేషన్ కాలే."

ఎవరికీ అర్థం కాలేదనుకుంటాను. మళ్లీ చెప్పాను.

"నాకు సంచి తియ్యలే. నా సంచి నా కడుపులనే ఉన్నది. మొన్న నాకేం నొప్పి లేదని చెప్పిన గద, ఆపరేషనే కాలేదు గనక నొప్పి లేదు. నన్ను చూసి నువ్వు పోవద్దు. ఆపరేషన్ సారుకైంది. ముఖానికి."

"ఏం మాట్లాడుతున్నవే?" అంది అత్తమ్మ. చిక్కుడుకాయ ఆమె వేళ్లలో ఆగిపోయింది.

"ముఖం ముడతలు పోవాలని చేపిచ్చుకున్నడు అత్తమ్మా. చెవుల ఎనక కుట్లున్నయి. నేనే పదిహేను దినాలు సేవ చేసిన."

అందరూ ఆయన చెవుల వైపు చూశారు. నర్సింహులు చూసి, చూసినందుకు సిగ్గుపడి కాగితాల్లోకి తల దించాడు. మా ఆయన చెయ్యి దానంతట అదే చెవి మీదికి పోయింది. చర్మం వెనక్కి జరగడంతో గడ్డం వెంట్రుకలు చెవి వెనక కూడా మొలుస్తున్నాయి, ఈమధ్య రోజూ పొద్దున అక్కడ కూడా గీసుకుంటున్నాడు. ఆయన ముఖంలో కోపం ఉందో, భయం ఉందో నాకు పోల్చుకోవడం రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన చెంపలు, దవడలు చూసి ఇల్లు నడిపినదాన్ని. ఇప్పుడు అవి నున్నగా ఉన్నాయి.

భీమన్న నేల చూస్తూ, "లీవ్ వద్దు సార్," అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగి పోయారు. శాంతమ్మ గేటు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నర్సింహులు చెప్పాడో, ఇంకెవరు చెప్పారో నేను పట్టించుకోలేదు. మా ఆయన గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసి, "నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు. "వంటమనిషి కోసం మొగుని ఇజ్జత్ తీస్తవా? రేపు కాలేజీల ముఖం ఎట్ల చూపియ్యాలె నేను?"

"చూపియ్యి," అన్నాను. "చూపియ్యడానికే గద చేపిచ్చుకున్నవ్."

వెటకారానికి అనలేదు. నాకు అప్పుడు తోచిన మాట అది. ఆయన తలుపు తీసుకొని వెళ్లిపోయాడు.

తర్వాత శ్రీజకు ఫోను చేసి అంతా చెప్పాను. "నేను రెండు దినాలు అన్నం తినలేదమ్మా," అంది. "తెలుసు బిడ్డా," అన్నాను. "ఇంకెప్పుడు నాతోటి అబద్ధం చెప్పకు." చెప్పనన్నాను. వాళ్ల నాన్న గురించి ఏమీ అడగలేదు. నన్ను కూడా క్షమించిందో లేదో ఆ రోజు నాకు తెలియలేదు.

ఫోను పెట్టేసరికి అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. వచ్చి మంచం చివర కూర్చుంది. మోకాళ్లు పట్టుకొని కూర్చోవడం ఆమెకు చాలా ఏళ్లుగా అలవాటు.

"నిజంగనే నీకు సంచి ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా."

ఆమె తల ఊపింది. "నాకు ముప్పై మూడుకు తీసిండ్రు," అంది. "మీ మామ తోల్కపోయిండు. ఎందుకు తీస్తుండ్రని నేను అడగలే. ఎవరన్న అడుగుతరా అట్ల?" నన్ను అడుగుతోందా, తనలో తాను అనుకుంటోందా తెలియలేదు. లేచి పోతూ, "ఆ పిల్లను పెద్ద దవాఖానల చూపియ్యి," అంది.

మరుసటి పొద్దున పిల్లల టిఫిన్లయ్యాక నేనూ శాంతమ్మా ఆటో ఎక్కి సర్కారు పెద్ద దవాఖానకు పోయాం. ఆడవాళ్ల వరసలో గంటన్నర నిలబడ్డాం. డాక్టరమ్మ చిన్నది, మా శ్రీజ కంటే నాలుగేళ్లు పెద్దదేమో. శాంతమ్మను పరీక్ష చేసింది, స్కానింగుకు పంపింది, మళ్లీ పిలిచింది.

"సంచి బాగానే ఉందమ్మా. ఇన్ఫెక్షన్ ఉంది. మందులు రాస్తున్నాను, నీకూ మీ ఆయనకూ. ఇద్దరూ వాడాలి. వాడాక మళ్లీ రా, చూస్తాను."

"తియ్యాల్సిన పని లేదా మేడం?"

"దీనికి సంచి ఎందుకు తీస్తారు?"

శాంతమ్మ నా వైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ తల ఎత్తకుండానే నన్ను అడిగింది.

"మీకేమిటి సమస్య?"

"నాకేం లేదు. ఈమెతోటి వచ్చిన."

"వయసెంత?"

"యాభై రెండు."

"నెలసరి ఆగిందా?"

"ఇంకా లేదు. ఒక్కోసారి రెండు నెలలు రాదు. వస్తే పది రోజులుంటది."

ఆమె రాయడం ఆపింది. "ఎప్పుడైనా ఎవరికైనా చూపించుకున్నారా? స్కాను, రక్తం, బీపీ, ఏదైనా?"

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎంతమంది పిల్లల్ని ఆటోలో వేసుకొని ఇదే దవాఖానకు తెచ్చానో, అత్తమ్మ మోకాళ్లకు ఎన్నిసార్లు వచ్చానో, మొన్న హైదరాబాదులో ఆయన రక్తపరీక్ష కాగితాలు ఎన్ని పట్టుకొని తిరిగానో అన్నీ గుర్తొచ్చాయి. "కాన్పప్పుడు చూసిండ్రు," అన్నాను.

"ఎన్నేళ్లయింది?"

"ఇరవై ఆరు."

"బయట చీటీ రాయించుకొని రండి. ఇప్పుడే," అంది డాక్టరమ్మ.

మళ్లీ వస్తానని చెప్పబోయాను. హాస్టల్లో మధ్యాహ్నం వంట, కూరగాయల బండి, జువాలజీ క్లాసు, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. శాంతమ్మ కళ్లు తుడుచుకొని, నా చేతిలోని సంచి తీసుకొని, బల్ల మీద కూర్చుంది. ఇంటికి పోయే తొందర ఆమెకు ఉన్నట్టు కనిపించలేదు. నేను వెళ్లి వరసలో నిలబడ్డాను.

నా ముందు ఇంకా ఇద్దరున్నారనగా ఫోను మోగింది. మా ఆయన. నిన్న సాయంత్రం నుంచి మాట్లాడలేదు.

"ఎక్కడున్నవ్? పదకొండున్నరయితుంది. పిల్లల వంట ఎవరు చెయ్యాలె?"

"దవాఖానల ఉన్న."

"శాంతమ్మది అయిపోలేదా ఇంకా?"

"శాంతమ్మది అయిపోయింది. నాకు చూపిచ్చుకుంటున్న."

కాలేజీ బెల్లు మోగడం ఫోనులోంచి వినిపించింది.

"నీకేమైందే?" అన్నాడు.

"తెల్వదు," అన్నాను. "ఇంతదన్క ఎవ్వరు చూడలే."